కలకత్తా వేలిముద్ర నుంచి బ్రౌజరు వేలిముద్ర దాకా

కలంపేరుతో రాసే మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "వీపీఎన్ పెట్టుకున్నాను. అది చాలదేమోనని కంప్యూటరులో వర్చువల్ మెషీన్ ఒకటి నిలబెట్టి, జాలంలోకి అందులోంచే వెళుతున్నాను. ఇక నన్నెవరు గుర్తుపట్టగలరు?" దీనికి ఒక్క మాటలో జవాబు చెప్పమంటే "గుర్తుపట్టగలరు, ఒక్కొక్కప్పుడు మునుపటికంటే తేలికగా" అని చెప్పవలసి ఉంటుంది. కాని అటువంటి జవాబుతో ఎవరికీ తృప్తి కలగదు. ఎందుకన్నది తెలియాలి. అది తెలుసుకోవడానికి సాంకేతిక గ్రంథాలకంటే చరిత్రే నాకు ఎక్కువగా తోడ్పడింది. అందుచేత ఈ టపాలో, మనుషులను గుర్తుపట్టే విద్య ఎక్కడ మొదలై యంత్రాల మీదికి ఎలా పాకిందో, దానికి విరుగుడనుకున్న రెండు పనిముట్లు అసలు దేనికోసం పుట్టాయో వరుసగా చెబుతాను. చివరికి ఇది మన తెలుగు దగ్గరికే వచ్చి ఆగుతుంది.

ముందుగా మాట సంగతి. మనం ఏదైనా పేజీ తెరిచినప్పుడు మన బ్రౌజరు అడిగినా అడగకపోయినా కొన్ని సంగతులు అవతలి సర్వరుకు చెబుతుంది: తన పేరు, వెర్షను, ఆపరేటింగ్ సిస్టం, మనకు ఇష్టమైన భాష. పేజీలోని జావాస్క్రిప్టు అడిగితే తెర కొలతలు, కాలమండలం, ప్రాసెసరులో ఎన్ని కోర్లున్నాయి, ఏ గ్రాఫిక్స్ కార్డు బొమ్మలు గీస్తున్నది, ఏ ఫాంటులున్నాయి అన్నవి కూడా బయటపడతాయి. ఇవన్నీ కలిపి ఒక గుర్తుగా కట్టుకోవడాన్ని బ్రౌజరు వేలిముద్ర తీయడం అంటున్నారు. మన కంప్యూటరులో ఏదీ దాచిపెట్టనక్కరలేదు కనుక చెరిపివేయడానికి మన చేతికేదీ చిక్కదు. కుకీకీ దీనికీ ఉన్న ప్రధానమైన తేడా ఇదే.

వేలిముద్ర అన్న పేరు మన దేశంనుంచే వెళ్ళింది. 1858 జులైలో, బెంగాల్లోని జంగిపూర్‌లో విలియం హెర్షెల్ అనే కంపెనీ అధికారి, రోడ్డు వేసే సామగ్రి సరఫరా చేస్తానన్న రాజ్యధర్ కోనాయ్ అనే కాంట్రాక్టరుచేత ఒప్పందపత్రం వెనుక అరచేతి ముద్ర వేయించుకున్నాడు. రేపు ఆ సంతకం నాది కాదని అనకుండా బెదురు పెట్టడమే అప్పటి ఉద్దేశం. తరువాత 1877లో హుగ్లీలో పింఛన్లకు, దస్తావేజులకు, జైలు రికార్డులకు ఆయనే వేలిముద్రలు పెట్టించాడు. అంటే ఈ పద్ధతి దొంగలను పట్టుకోవడం కోసం కాక, పాలకులకు పాలితుల మాట మీద నమ్మకం లేకపోవడం వల్ల మొదలయిందన్నమాట.

అదే కాలంలో పారిస్ పోలీసు కార్యాలయంలో ఆల్ఫోన్స్ బెర్తియోఁ అనే గుమాస్తా మరో దారి తొక్కాడు. 1880ల తొలినాళ్ళలో అతను పెట్టిన పద్ధతిలో ముద్రలు లేవు, కొలతలే ఉన్నాయి. తల పొడవు, తల వెడల్పు, నడిమివేలు, ఎడమపాదం, మోచేతినుంచి వేలికొస దాకా, ఇలా పదకొండు కొలతలు. వీటిలో ఏ ఒక్కటీ మనిషిని పట్టించదు. నా పాదమంత పాదం ఊళ్ళో వందమందికి ఉండవచ్చు. ఆ వందమందిలో నా తల వెడల్పు ఉన్నవారు పదిమంది. ఆ పదిమందిలో నా నడిమివేలంత వేలున్నవారు ఒకరో ఇద్దరో. మామూలు సంగతులను ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటూ పోతే చివరికి ఒక్కడే మిగులుతాడన్నది బెర్తియోఁ కనిపెట్టిన రహస్యం.

బెంగాల్ పోలీసులు కూడా మొదట ఈ కొలతల పద్ధతినే తెచ్చుకున్నారు. దానితో చిక్కేమిటంటే, ఒకే మనిషిని ఇద్దరు పోలీసులు కొలిస్తే రెండు లెక్కలు వచ్చేవి. పైగా వయసుతో కొలతలు మారతాయి. అప్పుడు ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా ఉన్న ఎడ్వర్డ్ హెన్రీ వేలిముద్రల వైపు మళ్ళాడు. ముద్రలు నిలకడగా ఉంటాయి, నిజమే. కాని వేలకొద్దీ కాగితాలలోంచి కావలసిన ఒక్క కాగితం వెతికి తీయడం ఎలా? ఆ చిక్కు విడదీసినవారు ఆయన కింద పనిచేసిన అజీజుల్ హక్, హేమచంద్ర బోస్. పది వేళ్ళలో ఒక్కొక్క వేలి మీదా సుడి ఉందా లేదా అన్నదొక్కటే ప్రశ్న. ఉందీ లేదూ అనే రెండు జవాబులు పది వేళ్ళకు కలిస్తే 1024 గూళ్ళు అవుతాయి. కంప్యూటరు తెలిసిన మనం దీన్ని పది బిట్లు అంటాం. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. 1901లో స్కాట్లండ్‌యార్డ్ అదే పద్ధతిని తీసుకుంది. గణితం హక్, బోస్‌లది. పద్ధతికి నిలిచిన పేరు మాత్రం హెన్రీది.

ఈ విద్య మొదట ఎవరి మీద పడిందో కూడా చెప్పుకోవాలి. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాజధానికీ వచ్చింది. ఆ చట్టం కింద నమోదైన కులాలవారి వేలిముద్రలను అధికారులు తీసుకోవచ్చు. నేరం చేశాడా లేదా అన్న విచారణతో నిమిత్తం లేదు. ఆ కులంలో పుట్టడం చాలు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని స్టువర్టుపురం, ఎరుకలవారి కోసం సాల్వేషన్ ఆర్మీ చేత ఆ దశకంలోనే పెట్టించిన సెటిల్‌మెంటు. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. ఆ ఊరిపేరు మీద పడిన మచ్చ మాత్రం ఆ తరువాతా చాలాకాలం పోలేదని మనకందరికీ తెలుసు. మామూలువాళ్ళు లెక్కకు రారు. తేడాగా కనబడేవాళ్ళే మొదట లెక్కకెక్కుతారు. ఈ మాట గుర్తుంచుకోమని మనవి. దీని అవసరం చివర పడుతుంది.

* * *

ఇక జాలం సంగతికి వద్దాం. వెబ్‌కు పునాది అయిన హెచ్‌టీటీపీకి జ్ఞాపకశక్తి లేదు. ఇందాక వచ్చినవారే మళ్ళీ వచ్చారా అన్నది దానికి పట్టదు. ఆ లోటు తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్‌లో లూ మాంటుల్లి కుకీని తయారు చేశాడు. అంగడిలో బుట్టలో వేసుకున్న వస్తువులు పేజీ మారగానే మాయం కాకుండా చూడటం దాని తొలి పని. ప్రకటనల సంస్థలు దాన్ని ఎంత దూరం లాక్కుపోయాయో చెప్పనక్కరలేదు. అయితే కుకీ మన ఇంట్లో ఉండే వస్తువు. తెలిసినవారు ఊడ్చి పారేయడం మొదలుపెట్టారు. ఊడ్చినా పోని గుర్తు కోసం వెతుకులాట అక్కడ మొదలయింది.

2009లో ప్రిన్స్‌టన్‌లో జొనాథన్ మేయర్ అనే విద్యార్థి 1,328 బ్రౌజర్లను పరిశీలించి, వాటిలో 1,278 ఏ కుకీ లేకుండానే దేనికది వేరుగా గుర్తుపట్టదగినవని తన పరిశోధన వ్యాసంలో చూపాడు. మరుసటి సంవత్సరం జనవరిలో ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్‌కు చెందిన పీటర్ ఎకర్స్‌లీ పనాప్టిక్లిక్ అనే పేజీని పెట్టాడు. దాన్ని తెరిచి మీట నొక్కితే మన బ్రౌజరు ఎంత అరుదైనదో చెప్పేది. అక్కడ పోగైన 4,70,161 ముద్రలలో 83.6 శాతం అద్వితీయాలు. ఫ్లాష్ గాని జావా గాని ఉన్న బ్రౌజర్లలో 94.2 శాతం. ఎకర్స్‌లీ లెక్కలో ఒక ముద్ర ఇచ్చే సమాచారం కనీసం 18.1 బిట్లు, అంటే మన ముద్రే ఉన్న మరో బ్రౌజరు తగలాలంటే సుమారు 2,86,777 బ్రౌజర్లు వెతకాలి. భూమ్మీది మనుషులందరిలో ఒకరిని వేరుచేయడానికి 33 బిట్లు చాలు. కలకత్తా గూళ్ళకు పది బిట్లు కావలసివస్తే, ఏ పోలీసూ చెయ్యి పట్టుకోకుండానే మన బ్రౌజరు పద్దెనిమిది బిట్లు అప్పగిస్తున్నది.

ఇక్కడ నాదొక అభ్యంతరం ఉంది. దీనికి వేలిముద్ర అన్న పేరు సరిపడదు. వేలిముద్ర పుట్టినప్పటినుంచి చచ్చేదాకా మారదు. బ్రౌజరు సంగతులు వెర్షను మారితే మారతాయి, కొత్త ఫాంటు వేసుకుంటే మారతాయి. నిజానికి ఇది బెర్తియోఁ కొలతల పద్ధతి. ఒక్కొక్కటీ మామూలు సంగతే, అన్నీ కలిస్తే అరుదు, నిలకడ తక్కువ. మారితే మాత్రం తప్పించుకున్నట్టేనా అంటే, అదీ లేదు. మారిన ముద్రను పాత ముద్రతో జతపరిచే సాదా సూత్రమొకటి ఎకర్స్‌లీ రాసి చూశాడు. అది ఊహించిన జతలలో 99.1 శాతం సరిగ్గా ఉన్నాయి. ఎనిమిది కొలతలు అవే ఉండి ఒకటి మారితే, మనిషి వేరని ఎవరూ అనుకోరు. కాస్త ఒళ్ళు చేశాడనుకుంటారు.

ఆ తరువాత కొలతలు పెరుగుతూ పోయాయి. 2012లో మావరీ, షాచమ్ అనే ఇద్దరు పరిశోధకులు, పేజీలో కంటికి కనబడకుండా ఒక వాక్యాన్నో బొమ్మనో గీయించి, ఆ బొమ్మలోని చుక్కల తేడాలనుబట్టి యంత్రాన్ని గుర్తించవచ్చునని చూపారు. దీనికే కాన్వాస్ ముద్ర అని పేరు. 2014 నాటికి ఎక్కువమంది చూసే లక్ష సైట్లలో 5.5 శాతం దీన్ని వాడుతున్నట్టు మరొక పరిశోధన తేల్చింది. అందులో ముప్పాతిక మూడు పాళ్ళకు పైగా యాడ్‌దిస్ అనే ఒకే సంస్థ పంచిన మీటల ద్వారా జరుగుతున్న పని; 2023లో మూతపడిన ఆ మీటలను ఒకప్పుడు "పంచుకోండి" అంటూ ఎందరో తమ పేజీల కింద పెట్టుకున్నారు.

* * *

ఇప్పుడు విరుగుళ్ళ సంగతి. మొదటిది వీపీఎన్. దీని పుట్టుక 1990ల మధ్యకాలం. ఒక సంస్థకు హైదరాబాదులో ఒక కార్యాలయం, డాలస్‌లో ఒక కార్యాలయం ఉన్నాయనుకోండి. రెంటినీ కలపడానికి సొంత తీగ అద్దెకు తీసుకోవడం బహు ఖర్చుతో కూడిన పని. అందరూ నడిచే ఇంటర్నెట్టులోనే ఎవరూ తొంగిచూడలేని సొరంగం ఒకటి తవ్వుకుంటే సరిపోతుంది గదా అన్న ఆలోచనతో ఐపీసెక్, పీపీటీపీ వంటి పద్ధతులు వచ్చాయి. 2001లో ఓపెన్‌వీపీఎన్ వచ్చింది. 2020లో వైర్‌గార్డ్ లినక్స్ కెర్నెల్లో భాగమయింది. వీటిలో ఏదీ మనిషిని దాచడం కోసం పుట్టలేదు. ఉద్యోగి ఎక్కడున్నా ఆఫీసులో ఉన్నట్టే ఉండాలి, దారిలో ఎవరూ చదవకూడదు, అంతే వాటి పని. ఆ పనిలో అవి గట్టివి.

సొరంగంలో వెళ్ళేది ఉత్తరమనుకుంటే, వీపీఎన్ ఉత్తరం మీది తపాలా ముద్రను మారుస్తుంది. భీమవరంలో వేసిన ఉత్తరం మీద ఆంస్టర్‌డాం ముద్ర పడుతుంది. కాని లోపలి దస్తూరీ మారదు. అవతలి సైటు తెర వెడల్పు అడిగితే బ్రౌజరు నిజమే చెబుతుంది. గడియారం అడిగితే గ్రీనిచ్‌కు అయిదున్నర గంటలు ముందున్నానంటుంది. ఆంస్టర్‌డాంలో ఉంటూ భారతీయ కాలంలో బతికేవారు ఎందరుంటారు? చిరునామా దాచుకోబోయి, ఆంస్టర్‌డాం చిరునామా ఉన్న లక్షలమందిలో మనం వింతగా నిలబడతాం. ఇందులో చిన్న విచిత్రం కూడా ఉంది. కంప్యూటర్లు వాడే కాలమండలాల పట్టికలో మన దేశానికున్న పేరు ఢిల్లీది కాదు, బొంబాయిది కాదు, కలకత్తాది. కొన్ని బ్రౌజర్లు ఇంకా ఆసియా/కలకత్తా అన్న పాత పేరుతోనే జవాబిచ్చేవి. వేలిముద్రల కార్యాలయం వెలిసిన ఊరే మన ముద్రలోనూ ఒక గీత అయి కూర్చుంది.

పైగా సొరంగానికి కన్నాలు కూడా పడతాయి. మాటామంతీ, దృశ్యాల కోసం బ్రౌజర్లలో పెట్టిన వెబ్‌ఆర్‌టీసీ అనే సదుపాయం వీపీఎన్ వెనకున్న అసలు చిరునామాను బయటపెట్టగలదని 2015లో తేలి గగ్గోలు పుట్టింది. ఇక సొరంగం యజమాని సంగతి. ఇంటర్నెట్టు సరఫరాదారుకు కనబడకుండా దాచినదంతా వీపీఎన్ యజమానికి కనబడుతుంది. నమ్మకం మనిషిని మార్చుకుందే గాని అవసరం తీరలేదు. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలలో, వీపీఎన్ సంస్థలు చందాదారుల పేర్లు, చిరునామాలు మొదలైనవి అయిదేళ్ళు భద్రపరచాలని ఉంది. అది అమలులోకి రాకముందే ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ వంటివి భారతదేశంలోని తమ సర్వర్లను ఎత్తివేసుకున్నాయి.

రెండవ విరుగుడు వర్చువల్ మెషీన్. ఇది వీపీఎన్ కంటే ముప్ఫయ్యేళ్ళు పెద్దది. 1960ల మధ్యలో మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్‌లో ఐబీఎం శాస్త్రజ్ఞులు, ఒకే పెద్ద యంత్రాన్ని పదిమందికి పదియంత్రాలుగా భ్రమింపజేసే సీపీ-40 అనే వ్యవస్థను తయారు చేశారు. 1972లో అది వీఎం/370గా అంగడికి వచ్చింది. యంత్రం ఖరీదు కోట్లలో ఉన్న రోజులవి. దాన్ని పంచుకోవడమే ధ్యేయం. 1999లో వీఎంవేర్ సంస్థ ఈ విద్యను మన బల్లమీది కంప్యూటర్లకు తెచ్చింది. 2007లో వర్చువల్‌బాక్స్ వచ్చాక అది అందరి సొత్తయింది.

1974లో పోపెక్, గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు, వర్చువల్ మెషీన్ అనదగినది ఎలా ఉండాలో సూత్రీకరించారు. దానిలో నడిచే ప్రోగ్రాముకు, అసలు యంత్రంలో నడుస్తున్నదానికీ దీనికీ తేడా తెలియకూడదు. అయితే రెండు మినహాయింపులు: కాలం, వనరులు. పని కాస్త ఆలస్యం కావచ్చు, చేతికందే మెమరీ, ప్రాసెసరు తక్కువ కావచ్చు. వాళ్ళ కాలానికి అవి చిల్లర మినహాయింపులు. నేటి బ్రౌజరు ముద్రలు తీసేవారు వెతికేది సరిగ్గా ఆ రెండింటినే! కోర్లు ఎన్ని, మెమరీ ఎంత, బొమ్మ గీయడానికి ఎంతసేపు పట్టింది.

నా దగ్గరున్న వర్చువల్‌బాక్స్‌లో లినక్స్ వేసి చూస్తే ఇది స్పష్టంగా కనబడింది. ఎనిమిది కోర్ల యంత్రం లోపల బ్రౌజరు తనకు రెండే ఉన్నాయని చెప్పింది. కిటికీని నేను లాగినంత మేరకు తెర వైశాల్యం ఏ కంపెనీ తెరకూ లేని కొలతలకు వచ్చింది. గ్రాఫిక్స్ కార్డు పేరడిగితే, కార్డు లేనప్పుడు ప్రాసెసరు చేతనే బొమ్మలు గీయించే ఎల్‌ఎల్‌వీఎంపైప్ అన్న సాఫ్ట్‌వేరు పేరు వచ్చింది. అసలు యంత్రం ఆనవాళ్ళు దాగిన మాట వాస్తవమే. కాని ఎదుటివాడికి "ఈయన వర్చువల్ మెషీన్‌లోంచి వచ్చాడు" అన్న కొత్త ఆనవాలు దొరికింది. గుంపులో ముసుగు వేసుకున్న మనిషి ముఖం కనబడదు. ముసుగు మాత్రం వీధి చివరిదాకా కనబడుతుంది.

గడియారం దగ్గర మరొక చిక్కు. 2005లో కోనో, బ్రోయిడో, క్లాఫీ అనే ముగ్గురు పరిశోధకులు, ప్రతి కంప్యూటరు గడియారమూ తనదైన అతిస్వల్ప వేగంతో తప్పుతుందని, ఆ తప్పును దూరంనుంచే కొలిచి యంత్రాన్ని గుర్తుపట్టవచ్చునని నిరూపించారు. వేరువేరు చిరునామాలతో కనబడే యంత్రాలు నిజంగా వేరా, ఒకే యంత్రం ఆడిస్తున్న బొమ్మలా అన్నది కూడా దీనితో తేల్చవచ్చునన్నారు.

అంతమాత్రాన ఇవి పనికిరానివని నేననను. వైరస్ తగిలితే గది వరకే ఉంచి ఇల్లు కాపాడటంలో వర్చువల్ మెషీన్‌ను మించినది లేదు. 2012లో వచ్చిన క్యూబ్స్, వోనిక్స్ వంటి వ్యవస్థలు దాని మీదే నిలబడ్డాయి. రైల్వే స్టేషనులోని వైఫై వాడేటప్పుడు వీపీఎన్ మంచి రక్షణే. రెండు పేర్లతో రాసేవారు రెండు వేరువేరు మెషీన్లు వాడితే కుకీలు కలిసిపోవు. వాటిని చేయని పనికి మెచ్చుకోవద్దన్నదే నా మనవి.

* * *

మరి వేషం మార్చుకుంటే? బ్రౌజరుచేత అబద్ధం చెప్పించే చేర్పులు చాలానే వచ్చాయి. 2013లో నికిఫొరాకిస్ బృందం వాటిని పరిశీలించి, అవి వాడేవారు మరింత తేలికగా దొరుకుతారని తేల్చింది. ఐఫోను అని చెప్పుకుంటూ 1920 చుక్కల వెడల్పు తెర చూపించేవారు ఎందరుంటారు? 2015లో ఫ్రాన్సులో లాపెర్డ్రి బృందం బ్లింక్ అనే ప్రయోగం చేసింది. వర్చువలైజేషన్ సాయంతో ప్రతిసారీ నిజమైన ఫాంటులు, నిజమైన బ్రౌజరు, నిజమైన ఆపరేటింగ్ సిస్టంలను కొత్తగా కలిపి, అబద్ధం లేకుండానే రోజుకొక రూపం ఇవ్వడం దాని పద్ధతి. వర్చువల్ మెషీన్ ముద్రకు నిజంగా విరుగుడయ్యే దారి అది. కాని రోజూ కొత్త ఇల్లు కట్టుకునే ఓపిక ఎవరికుంటుంది?

టార్ బ్రౌజరు దీనికి పూర్తిగా ఎదురు దారి పట్టింది. వేషం మార్చుకోవద్దు, అందరూ ఒకే వేషం వేసుకోండి అంటుంది. అందరి గడియారమూ గ్రీనిచ్ కాలమే. అందరి కిటికీ కొలతలూ నిర్ణీతమైన అంగలలోనే. ఏ ఊళ్ళో వాడినా బడిపిల్లల యూనిఫాం లాగా ఒకే తీరు. దాగుకోవడమంటే కనబడకుండా పోవడం కాదని, గుంపులో కలవడమని మొదట గట్టిగా నమ్మినవారు వాళ్ళే. తరువాత 2018లో ఆపిల్ సఫారీ కూడా, యంత్రంతో వచ్చిన ఫాంటులు తప్ప సొంతంగా వేసుకున్నవి సైట్లకు చూపడం మానేసి ఆ దారిలో ఒక అడుగు వేసింది.

ఈ గుంపు సూత్రానికి సాక్ష్యం కూడా ఉంది. 2018లో గోమెజ్-బువా, లాపెర్డ్రి, బొద్రీ అనే పరిశోధకులు ఫ్రాన్సులో ఎక్కువమంది చూసే ఒక సైటునుంచి 20,67,942 ముద్రలు తీసి చూస్తే అద్వితీయాలు 33.6 శాతమే తేలాయి. పనాప్టిక్లిక్ నాటి 83.6 ఎక్కడ, ఇదెక్కడ! ఫ్లాష్, ప్లగిన్లు తెరమరుగు కావడం ఒక కారణం. పనాప్టిక్లిక్‌కు వచ్చినవారు ఇటువంటివాటి మీద ఆసక్తి గలవారు, ఇక్కడివారు వార్తలకో వాతావరణానికో వచ్చే మామూలు జనం, అన్నది మరొకటి. మామూలు జనంలో మామూలుగా ఉన్నవాడికి రక్షణ ఉంది.

అసలు సంగతి ఇక్కడే ఉంది. మామూలంటే ఎవరు? ఫ్రెంచి సైటులో ఫ్రెంచి బ్రౌజరు మామూలు. అదే గుంపులోకి తెలుగును మొదటి భాషగా పెట్టుకున్న బ్రౌజరు వస్తే, ఇక వేరే కొలత ఎందుకు?

మనం చేసిందంతా ఒకసారి గుర్తుచేసుకోండి. 2000ల నడిమికాలంలో జాలంలో తెలుగు కనబడటమే ఒక పండుగ. ఎక్స్‌పీలో వచ్చిన గౌతమి అక్షరాలు చాలక పోతన, వేమన ఫాంటులు దించుకుని వేసుకున్నాం. అమరికలలోకి వెళ్ళి తెలుగును మొదటి భాషగా పెట్టుకోమని వచ్చినవారికల్లా చెప్పాం. అది మన పట్టుదల. 2010లో ఎకర్స్‌లీ ఫ్లాష్ ద్వారా రాబట్టిన ఫాంటుల పట్టికలో పోతన ఒక్కటుంటే ఆ యంత్రం ఎంతటి అరుదైన గుంపులో పడుతుందో ఊహించుకోండి. ఫ్లాష్ 2020 చివర అంతరించింది; ఫాంటుల ఆనవాలు అంతరించలేదు. 2015లో ఫైఫీల్డ్, ఎగల్మన్ అనేవారు యూనికోడ్‌లోని వేర్వేరు లిపుల అక్షరాలను బ్రౌజరుచేత గీయించి, వాటి వెడల్పు, ఎత్తులను మాత్రమే కొలిచి, వెయ్యికి పైగా బ్రౌజర్లలో 34 శాతాన్ని విడివిడిగా గుర్తుపట్టారు. ఏ లిపికి ఏ ఫాంటుందో అక్షరం ఆకారమే చెప్పేస్తుంది.

ఇది ఎవరూ ఊహించని పరిణామమైతే సరేననుకోవచ్చు. కాదు. 1999లో హెచ్‌టీటీపీ ప్రమాణంగా వెలువడిన ఆర్‌ఎఫ్‌సీ 2616లోనే ఒక హెచ్చరిక ఉంది. బ్రౌజరు ప్రతి సర్వరుకూ ఇష్టభాషను చెప్పుకోవడం వల్ల ఆ మనిషి ఏ జాతికి చెందినవాడో బయటపడవచ్చునని, ప్రత్యేకంగా అమర్చుకున్న ఇష్టాల పట్టిక దీర్ఘకాలం నిలిచే గుర్తుగా పనికివస్తుందని అందులో రాశారు. బ్రౌజరు వేలిముద్ర అన్న మాట పుట్టడానికి పదేళ్ళ ముందు, దాని తొలి బాధితులెవరో ఆ పత్రం చెప్పేసింది: చిన్న గుంపు భాషలవాళ్ళు.

2011 జనగణన ప్రకారం దేశంలో తెలుగు మాతృభాషగా గలవారు 8 కోట్ల 11 లక్షల మంది. చిన్న గుంపు ఎలా అవుతుందని అడగవచ్చు. నోట తెలుగున్నవారు కోట్లలో ఉన్నారు. బ్రౌజరులో తెలుగున్నవారెందరో మీ ఇంట్లో, మీ ఆఫీసులో ఉన్న ఫోన్లు చూస్తే తెలుస్తుంది. టార్ బ్రౌజరు తెలుగు వంటి లిపుల కోసం నోటో కుటుంబపు ఫాంటులను తనవెంట తెచ్చి, కొంతమేరకు ఈ తేడాను చెరిపింది. అది మెచ్చుకోదగిన పని. కాని ఆంగ్లేతర భాషలో దాన్ని వాడేవారిని అది ఒక మాట అడుగుతుంది: మరింత గోప్యత కావాలంటే పేజీలను ఇంగ్లీషులోనే కోరమంటారా అని. అడిగినవారి తప్పు లేదు, వారి లెక్క వారిది. కాని ఆ ప్రశ్న ముందు నేను చాలాసేపు ఆగిపోయాను. దాగుకోవాలంటే నా భాష ఇంగ్లీషు అని చెప్పుకోవాలి. అమెరికా వాడకందారు ఎవరూ ఈ వెల చెల్లించనక్కరలేదు. మామూలు మనిషి కొలతలు ఎవరివో ముందే నిర్ణయమైపోయిన చోట, తక్కినవారందరూ తేడా మనుషులే.

ఈ వెల తగ్గే సూచనలు కూడా లేవు. ముద్రలు తీయడం వాడకందారు ఇష్టాన్ని కాలరాయడమేనని 2019లో చెప్పిన గూగుల్, తన ప్రకటనల వ్యవస్థలలో దానిపై ఉన్న నిషేధాన్ని 2025 ఫిబ్రవరిలో సడలించింది. బ్రిటన్‌లోని సమాచార కమిషనర్ కార్యాలయం బాధ్యతారహితమని విమర్శించినా ఆగలేదు. మోసాలు పట్టడానికి బ్యాంకులకు ఇది ఉపయోగపడుతుందన్న వాదన ఉంది, అబద్ధం కాదు. హెర్షెల్ వాదన కూడా అబద్ధం కాదు. పింఛనుదారు చనిపోయాక మరొకడు వచ్చి పింఛను తీసుకుపోతున్న మాట నిజమే. కాని అవసరానికి తీసిన కొలత అవసరం తీరాక ఆగిందన్న ఉదాహరణ ఈ నూట అరవయ్యేళ్ళ చరిత్రలో నాకెక్కడా కనబడలేదు.

కలంపేర్ల మిత్రులకు నా సలహా ఏమిటంటే, ఎవరినుంచి దాగదలచుకున్నారో ముందు తేల్చుకోండి. వైఫై యజమానినుంచైతే వీపీఎన్ చాలు. వైరస్‌నుంచైతే వర్చువల్ మెషీన్ చాలు. ప్రకటనల సంస్థలనుంచైతే ఆ రెండూ చాలవు; అలంకారాలు పెట్టని, తక్కువ మాట్లాడే మామూలు బ్రౌజరే మేలు. ప్రాణాలమీదికి వచ్చే రాతలైతే టార్ బ్రౌజరును ఏ చేర్పులూ చేయకుండా, కిటికీ కొలతలు కూడా మార్చకుండా వాడండి. ఆ ఒక్కచోట ఇంగ్లీషు యూనిఫాం వేసుకున్నా తప్పులేదు.

తక్కిన వేళల్లో మాత్రం నా బ్రౌజరులో తెలుగును తీసివేయబోను. ఇందులో మొండితనమొక్కటే కాదు, లెక్క కూడా ఉంది. తెలుగు పెట్టుకున్నవారు వెయ్యిమంది ఉంటే ఒక్కొక్కరం వింతగా కనబడతాం. కోటిమంది ఉంటే ఎవరమూ వింత కాదు. మనలో ఎవరు తమ అమరికలలో తెలుగు పెట్టుకున్నా, అది తక్కిన తెలుగువాళ్ళ ముద్రను ఆ మేరకు చెరుపుతుంది. గుంపులో దాగడమే మార్గమైతే, మన గుంపును పెద్దది చేసుకోవడమూ ఒక మార్గమే గదా. మీరేమంటారు?